ప్రభుత్వ బడిలో పాలు, గుడ్డు, భోజనం అన్నీ పెడుతున్నారు. మా 80 వేలు ఇంక దేనికివ్వాలి?

వైట్‌ఫీల్డ్_వెంకట్
బెంగళూరులో మా తెలుగు సంఘం దగ్గర వినాయకచవితి చందాల్లో 80 వేలు మిగిలాయి. పక్కనే ఉన్న ప్రభుత్వ హయ్యర్ ప్రైమరీ స్కూలుకి ఇద్దామని తీర్మానించాం. మొత్తం 180 మంది పిల్లలు: 1–5 తరగతుల్లో 110, 6–8లో 70. సగానికి పైగా కర్నూలు, అనంతపురం, రాయచూరు వైపు నుంచి కట్టడం పనులకొచ్చిన వాళ్ళ పిల్లలే. కమిటీ రెండుగా చీలింది. ఒకళ్ళు స్మార్ట్ టీవీ అంటారు, ఒకళ్ళు తిండి అంటారు. టీవీ వాళ్ళ వాదన ఏంటంటే, తిండి ప్రభుత్వం ఎలాగూ పెడుతోంది కదా అని. టీచర్లేమో పిల్లలు పదిన్నరకే వాలిపోతున్నారని, మధ్యాహ్నం సాంబారు సగం బకెట్ పాలవుతోందని చెప్తున్నారు. అసలు ఈ భోజనం వల్ల ఒంటికీ చదువుకీ తేడా పడుతుందా? పడితే మన డబ్బు ఎక్కడ పెట్టాలి?

టీవీ_వర్గం_నాయకుడు
ఆ కమిటీలో టీవీ అన్నది నేనే. పేరు చెప్పనందుకు థాంక్స్ వెంకట్.

పప్పుగుత్తి
టీవీ సంగతి తర్వాత. ముందు ఆ సాంబారులో పప్పు ఎంత పడుతోందో కనుక్కోండి.

పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) కొలతలివి. 1–5 వాళ్ళకి తలకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. 6–8 వాళ్ళకి 150, 30, 75, 7.5. చిన్నవాళ్ళకి 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. పెద్దవాళ్ళకి 700, 20. మీ బడికి వేస్తే రోజుకి బియ్యం 21.5 కిలోలు, పప్పు 4.3 కిలోలు, కూరగాయలు పదిన్నర పైన, నూనె కిలో పైచిలుకు. అందరూ వచ్చిన రోజు లెక్క ఇది, హాజరుని బట్టి తగ్గించుకోవాలి.

4.3 కిలోల పప్పుతో 27 లీటర్ల సాంబారు కాస్తే 125 మిల్లీలీటర్ల గరిటెకి సుమారు 20 గ్రాముల పప్పు వస్తుంది. చిన్నవాళ్ళకి ఒక గరిటె, పెద్దవాళ్ళకి ఒకటిన్నర. అదే పప్పుని 40 లీటర్లకి సాగదీస్తే గరిటెకి 13 గ్రాములే. పిల్లాడు కలుపుకునేది ఒక గరిటెడు, మిగతాది కంచం వంచి పారబోస్తాడు. స్టాక్ రిజిస్టర్‌లో 20 గ్రాములు రాసి ఉంటుంది, అబద్ధమూ కాదు, కానీ అందులో మూడో వంతు బకెట్‌లోకి పోయింది. మీ టీచర్లు చూస్తున్నది ఇదే అయ్యుంటుంది.

ఇంకోటి. పప్పు అడుక్కి దిగుతుంది. ముందు ఒకటో తరగతిని కూర్చోబెడతారు, వాళ్ళకి పైన తేరిన నీళ్ళు, చివర్లో వచ్చే ఎనిమిదో తరగతికి చిక్కటి ముద్ద. ప్రతి గరిటె అడుగు నుంచి తిప్పి తియ్యాలని వడ్డించేవాళ్ళకి చెప్పడానికి పైసా ఖర్చు లేదు.

ఆవకాయ_డెవలపర్
మా ఆఫీస్ క్యాంటీన్ సాంబారుకి కూడా ఈ ఆడిట్ చేయించండి మహాప్రభో.

అంకెలమ్మ
చదువు గురించి అడిగారు కాబట్టి కొన్ని నికరమైన లెక్కలు.

2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక రాష్ట్రాలు ఒక్కోటీ ఒక్కో సమయంలో మొదలుపెట్టాయి. కర్ణాటకలో అక్షర దాసోహ అనే భోజన పథకం 2002లో ఉత్తర జిల్లాల నుంచి మొదలైంది. ముందు మొదలుపెట్టిన చోటికీ ఆలస్యమైన చోటికీ ఉన్న తేడాతోనే తనికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ 2019లో లెక్క తేల్చారు. ఏడాదిలోపు తిన్న పిల్లలకంటే ఐదేళ్ళ దాకా తిన్నవాళ్ళకి చదవడంలో 18 శాతం, లెక్కల్లో 9 శాతం ఎక్కువ మార్కులు. గమనించండి, ఫలితం ఏళ్ళ మీద వచ్చింది.

"బడిలో పెడితే ఇంట్లో తగ్గించేస్తారు" అనే అనుమానానికి ఫర్జానా అఫ్రిది మధ్యప్రదేశ్ అధ్యయనం (2010) సమాధానం. ఇంట్లో కోత పడలేదు. ఆ రోజుకి పిల్లల ప్రొటీన్ లోటు పూర్తిగా తీరింది, క్యాలరీల లోటు 30 శాతం తగ్గింది, ఇనుము లోటు మాత్రం 10 శాతమే తగ్గింది. ఆ చివరి అంకె గుర్తుపెట్టుకోండి.

మన ఆంధ్రప్రదేశ్‌లోనే యంగ్ లైవ్స్ (అవే పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం) పిల్లల మీద అభిజీత్ సింగ్ బృందం చూసింది. పసితనంలో కరువు దెబ్బతిన్న పిల్లల ఎదుగుదల లోటుని బడి భోజనం పూడ్చగలిగింది.

చాక్‌పీస్
అంకెలమ్మ గారూ, 18 శాతం చూసి కమిటీ వాళ్ళు మార్చికల్లా మార్కులు పెరగాలని కూర్చుంటారు, జాగ్రత్త. బీహార్‌లో భోజనంలోకి ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పు వాడి చూశారు. రక్తహీనత 20 శాతం తగ్గింది. మార్కులు మాత్రం సగటున కదల్లేదు. రక్తం పెరిగినంత మాత్రాన చదవడం రాదు, నేర్పేవాడు ఉండాలి. తిండి పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెడుతుంది, అంతవరకే.

అంకెలమ్మ
ఒప్పుకుంటా. కానీ బెంచీ మీద కూర్చోవడం చిన్న విషయమేం కాదు. ఢిల్లీలో 6–8 తరగతులకి భోజనం మొదలైనప్పుడు బొమ్మల చిక్కుదారి పజిల్స్ ఇచ్చి చూశారు, మధ్యాహ్నం పూట పిల్లల ఏకాగ్రత పెరిగింది.

చాక్‌పీస్
సరిగ్గా నా పాయింట్ అదే. ఆ లాభం మధ్యాహ్నం తర్వాత పీరియడ్లకి. వెంకట్ చెప్పిన బాధ పదిన్నరది. తల్లీతండ్రీ ఏడింటికల్లా సైట్‌కి వెళ్ళిపోతారు. పిల్లాడు టీ, బన్ను తిని వస్తాడు, లేదా అదీ ఉండదు. లెక్కలు, భాష పాఠాలు పొద్దున్నే ఉంటాయి, భోజనం ఒంటిగంటకి దగ్గర్లో. భోజనానికి ఇంకెంత డబ్బు పోసినా పదిన్నర ఆకలి తీరదు.

టీవీ_వర్గం_నాయకుడు
పొద్దున్న పాలు ఇస్తున్నారు కదా? క్షీర భాగ్య 2013 నుంచి ఉంది.

పప్పుగుత్తి
ఇస్తున్నారు, మంచిదే. 18 గ్రాముల పొడి, 10 గ్రాముల చక్కెర, కలిపితే 150 మి.లీ. మొత్తం 130 కిలో క్యాలరీల దాకా, ప్రొటీన్ నాలుగున్నర గ్రాములు. వారంలో మూడు రోజులు అందులో రాగి మాల్ట్ కూడా కలుపుతారు. ఖాళీ కడుపుతో వచ్చినవాడికి అది గంటన్నర ఆపుతుంది. టిఫిన్‌కి బదులు కాదు.

పాలు చాలామంది వదిలేస్తుంటే ముందు ఉండలు చూడండి. పొడిని మరిగే నీళ్ళలో నేరుగా పోస్తే ఉండ కడుతుంది, అడుగంటుతుంది. మొదట గోరువెచ్చటి నీళ్ళలో జారుగా కలిపి, అది మరిగే నీళ్ళలో పోసి తిప్పుతూ ఒక పొంగు రానివ్వాలి. మాడు వాసన వచ్చిన రోజు సగం మంది తాగరు.

మైలాపూర్_మూర్తి
చెన్నై నుంచి. మా దగ్గర ఈ పదిన్నర సమస్యకే సీఎం ఉదయం టిఫిన్ పథకం పెట్టారు. 2022 సెప్టెంబర్ 15న మదురైలో మొదలు, 2023 ఆగస్టు 25 నుంచి ప్రభుత్వ బడుల్లో 1–5 తరగతులన్నిటికీ, 2025 ఆగస్టులో పట్టణాల్లోని ఎయిడెడ్ బడులకి. తలకి 50 గ్రాముల రవ్వో సేమ్యానో బియ్యమో, సాంబారుకి 15 గ్రాముల పప్పు. వండాక 150–200 గ్రాముల టిఫిన్, 100 మి.లీ. సాంబారు. ఉప్మా, కిచిడీ, పొంగల్ మారుస్తూ ఉంటారు. మధ్యాహ్నం సత్తుణవు (మా మధ్యాహ్న భోజన పథకం) దీనికి అదనం.

ఇంకో మాట, గర్వంగానే చెప్తున్నా. దేశంలో కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనం మొదట పెట్టింది మద్రాసులో, 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో. తలకి రోజుకి అణా దాటకుండా. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగాయన. కొన్నేళ్ళకే డబ్బుల దగ్గర బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడి ఆపేసింది. తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ పెంచుకుంటూ వచ్చారు.

ఆవకాయ_డెవలపర్
వందేళ్ళ చరిత్ర అంతా చెప్పి చివరికి పిల్లలకి ఉప్మా పెట్టారా మూర్తి గారూ?

మైలాపూర్_మూర్తి
సేమ్యా ఉప్మా అయ్యా. రవ్వ ఉప్మాకి మా ఇంట్లో కూడా ఓట్లు పడవు.

గరిటె_సూరి
నవ్వులాటకి అన్నా అందులో అసలు సంగతి ఉంది. ఉప్మా పిల్లలు వదిలేసేది రుచికి కాదు, చల్లారాక గట్టిపడి గొంతు దిగదు కాబట్టి. పెద్దమొత్తంలో వండేటప్పుడు ఇంట్లో పోసే నీళ్ళకంటే కాస్త ఎక్కువ పోసి జారుగా దించాలి, వడ్డించేసరికి సరిపోతుంది. వంటకీ వడ్డనకీ మధ్య గంట గడిస్తే ఏ టిఫినూ నిలవదు.

వెంకట్, మీ బడిలో వంట అక్కడే చేస్తారా, బయట కిచెన్ నుంచి వస్తుందా?

వైట్‌ఫీల్డ్_వెంకట్
అక్కడే. ముగ్గురు వంటమ్మలు.

గరిటె_సూరి
అయితే అదృష్టం. కేంద్రీకృత వంటశాలలు తెల్లవారుజామునే మొదలుపెడతాయి. ఆవిరితో వండి మూతపెట్టిన పాత్రల్లో పంపిస్తారు. శుభ్రత, తూకం బాగుంటాయి గానీ దించినప్పటి నుంచి పిల్లాడి కంచం దాకా రెండు మూడు గంటలు పడితే అన్నం ఆవిరికి చెమర్చి వాసన కొడుతుంది. వేడి 60 డిగ్రీల కింద పడనివ్వకూడదు, పడితే అన్నంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, మళ్ళీ వేడిచేసినా వాటి విషం పోదు. మీకు ఆ తలనొప్పి లేదు. పప్పుకి ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో చూడండి. తెరిచిన డేగిసాలో కందిపప్పు తొందరగా మెత్తబడదు, గ్యాస్ తినేస్తుంది. ఉడకని పప్పే అడుక్కి తొందరగా దిగేది.

పప్పుగుత్తి
గ్యాస్ అంటే గుర్తొచ్చింది. తలకి ఇచ్చే వంట సామగ్రి ఖర్చు 2025 మే నుంచి చిన్నవాళ్ళకి 6.78, పెద్దవాళ్ళకి 10.17 రూపాయలు. బియ్యం దీంట్లో కలవదు, అది ఉచితం. పప్పు కిలో 120 అనుకుంటే 20 గ్రాములకి 2.40. కూరగాయలు కిలో 40 అనుకుంటే 2 రూపాయలు. నూనెకి 70 పైసలు. మిగిలిన రూపాయి అరవై ఎనిమిది పైసల్లో ఉప్పు, కారం, పోపు, గ్యాస్. టమాటా కిలో 80 పలికిన వారం మొదట కోత పడేది కూరగాయలకే. ఎవరో తినేస్తున్నారని అరిచే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

శాకాహారి_జయనగర్
గుడ్డు గురించి ఎవరూ మాట్లాడట్లేదే. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇస్తున్నారు కదా, రెండూ ఒకటేనా?

పప్పుగుత్తి
కాదండీ. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, బీ12, విటమిన్ ఏ ఉన్నాయి. అరటిపండులో ప్రొటీన్ ఒక గ్రాము, బీ12 సున్నా. తినని పిల్లలకి ఇదివరకు పల్లీ చిక్కీ కూడా ఇచ్చేవాళ్ళు, అది ప్రొటీన్‌లో నాలుగు గ్రాముల దాకా వచ్చేది, 2025లో కర్ణాటక దాన్ని ఆపేసింది. బీ12 పాల నుంచి రావాలి, కాబట్టి ఆ పిల్లలు పాలు మానకుండా చూడాలి. ఎవరు తింటారో ఎవరు తినరో మొదట్లోనే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకోవాలి. వడ్డించేటప్పుడు అందరి ముందూ అడిగితే తినే పిల్లాడు కూడా సిగ్గుపడి అరటిపండు అంటాడు.

గరిటె_సూరి
కర్ణాటకలో 2024 సెప్టెంబర్ నుంచి వారానికి ఆరు గుడ్లు. రెండు ప్రభుత్వానివి, నాలుగు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ డబ్బుతో. కొనడానికి, ఉడకబెట్టడానికి, వలవడానికి అన్నీ కలిపి గుడ్డుకి 6 రూపాయల లెక్క. చలికాలంలో బజారు ధర పెరిగితే హెచ్ఎం (హెడ్మాస్టర్) చేతి నుంచి పడుతుంది, లేదా చిన్న గుడ్లు వస్తాయి.

వంటలో జరిగే పొరపాట్లు: వచ్చిన గుడ్లని ముందు నీళ్ళలో వెయ్యాలి, తేలినవి పక్కన పడేయాలి. మరుగు పట్టాక 12 నిమిషాలు చాలు, అరగంట ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రంగు, గంధకం వాసన, పిల్లలు పచ్చసొన పారేస్తారు. బీ12, విటమిన్ ఏ ఎక్కువగా దాంట్లోనే ఉన్నాయి. దించగానే చల్లనీళ్ళలో వేస్తే పెంకు సులువుగా ఊడుతుంది. వలిచాక రెండు గంటల్లో తినిపించెయ్యాలి. పొద్దున్నే వలిచి మూతపెట్టి ఉంచడం చాలాచోట్ల చూసే తప్పు.

హూడి_అమ్మ
బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయని మా వాట్సాప్ గ్రూపులో వీడియో తిరుగుతోంది. నీళ్ళలో తేలుతున్నాయి. దాని సంగతేంటి?

పప్పుగుత్తి
ప్లాస్టిక్ కాదమ్మా, ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మిషన్‌లో గింజ ఆకారానికి తెస్తారు. మామూలు బియ్యం వందకి ఒకటి చొప్పున కలుపుతారు. రంగు కొంచెం తేడా, కొన్ని తేలతాయి. వంటమ్మలు రాళ్ళనుకుని ఏరి పారేస్తే, నాలుగైదు సార్లు కడిగితే, గంజి వారిస్తే పెట్టిన పోషకంలో కొంత పోయినట్టే. ఒకటి రెండు సార్లు కడిగి, సరిపడా నీళ్ళు పోసి ఇగరనివ్వాలి. తలసేమియా ఉన్న పిల్లలెవరైనా ఉంటే మాత్రం వాళ్ళ డాక్టర్ని అడగాలి.

చాక్‌పీస్
అదే ఊపులో ఐరన్ మాత్రల సంగతీ చెప్పెయ్యండి. చాలా బడుల్లో పాలతో పాటే మింగిస్తారు.

పప్పుగుత్తి
అది పెద్ద తప్పు. పాలలో కాల్షియం ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. వారానికొకసారి ఇచ్చే మాత్ర (చిన్నవాళ్ళకి గులాబీ రంగు, ఆరో తరగతి నుంచి నీలం) మధ్యాహ్నం భోజనం తర్వాత వెయ్యాలి. ఖాళీ కడుపుతో వేస్తే కడుపులో తిప్పుతుంది, ఒకరికి వాంతి అయితే క్లాసంతా మానేస్తుంది. టీ కూడా ఇనుముకి శత్రువే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల మాత్ర ఎగ్గొట్టకూడదు. అంకెలమ్మ గారు చెప్పిన ఆ 10 శాతం అంకె మారాలంటే దారి ఇది, సాంబారు కాదు.

టీవీ_వర్గం_నాయకుడు
ఇంతమంది ఇంత చెప్పారు, 80 వేలు ఎక్కడ పెట్టాలో ఒక్కరూ చెప్పలేదు. టీవీ ఎంఆర్‌పీ నా దగ్గర రెడీగా ఉంది.

గరిటె_సూరి
సరే, రాసుకోండి. మొదటి 5 వేలు: 30 కిలోల డిజిటల్ తూకం, 125 మి.లీ. స్టీలు గరిటెలు నాలుగు, ఆహారం వేడి చూసే థర్మామీటర్ ఒకటి. కుక్కర్ లేకపోతే అది దాతల్ని విడిగా అడగండి.

మిగతా 75 వేలు పొద్దున్న గుగ్గిళ్ళకి. తలకి 30 గ్రాముల ఎండు సెనగలు, 180 మందికి 5.4 కిలోలు. కిలో 90 అనుకుంటే రోజుకి 486. పోపు, నూనె, నిమ్మకాయ, గ్యాస్ కలిపి 600. నెలకి 20 పనిదినాలు, 12 వేలు. గంట ముందు రావాల్సిన వంటమ్మలకి ముగ్గురికీ కలిపి 3 వేలు. మొత్తం 15 వేలు. దసరా సెలవులయ్యాక నవంబర్ నుంచి మార్చి దాకా ఐదు నెలలు సరిగ్గా వస్తుంది. తలకి ఆరు గ్రాముల ప్రొటీన్, వంద కిలో క్యాలరీలు, పాలకి జోడైతే పదిన్నర దాటిపోతారు.

ఆవకాయ_డెవలపర్
స్టాండప్ మీటింగ్‌లో మాక్కూడా గుగ్గిళ్ళు పెట్టించే సంఘం ఉందా?

చాక్‌పీస్
వంటమ్మల 3 వేలు ఎవరూ కొయ్యకండి. కేంద్రం వాళ్ళకిచ్చే గౌరవవేతనం నెలకి 1000, అదీ పది నెలలే, 2009 నుంచి మారలేదు. పైన రాష్ట్రం కలిపేదే. ఊరికే గంట ముందు రమ్మంటే రెండో వారానికి సెనగలు నానబెట్టడం మర్చిపోతారు, వాళ్ళ తప్పూ కాదు.

అంకెలమ్మ
మార్చి తర్వాత? అలవాటు చేసి మానేస్తే పిల్లలకీ వంటమ్మలకీ ఇబ్బంది. జూన్‌కి ఎవరు ఇస్తారో తేల్చుకుని మొదలుపెట్టడం మంచిది.

గరిటె_సూరి
మంచి ప్రశ్నే, కానీ జూన్ తేలేదాకా ఆగితే ఈ ఏడాది పోతుంది. ఐదు నెలల లెక్క చూపించగలిగితే దాతని పట్టడం తేలిక. మొదటి రోజే పిల్లలకి "మార్చి దాకా" అని చెప్పెయ్యండి.

మైలాపూర్_మూర్తి
లెక్క అంటే బరువు తూచి ఫొటోలు తియ్యకండి. ఐదు నెలల్లో బరువు పెరిగితే అది ఎదిగే వయసు వల్లా, గుగ్గిళ్ళ వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. ఇక ఎత్తు లోటు చాలావరకు రెండేళ్ళ వయసు లోపే ఏర్పడిపోతుంది. ఎత్తులో ఫలితం తర్వాతి తరంలో కూడా కనపడింది. బడిలో భోజనం తిన్న ఆడపిల్లలు తల్లులయ్యాక వాళ్ళ పిల్లల ఎత్తు మెరుగుపడిందని 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. 2006–2016 మధ్య దేశంలో పిల్లల ఎత్తులో వచ్చిన మెరుగుదలలో 13 నుంచి 32 శాతం దీనివల్లేనని అంచనా.

వైట్‌ఫీల్డ్_వెంకట్
మరి ఏం కొలవమంటారు?

పప్పుగుత్తి
రెండే. ఒకటి, భోజనం అయ్యాక చెత్త బకెట్ తూకం. వండినదాంట్లో ఎంత పారబోశారో రోజూ రాయండి. సాంబారు చిక్కబరిచిన వారం నుంచి ఆ అంకె దిగాలి, దిగకపోతే ఉప్పు పులుపు సంగతి చూడాలి. రెండు, మొదటి పీరియడ్ హాజరు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ సంఖ్య నవంబర్‌కి ముందు రెండు వారాలది రాసిపెట్టుకోండి, లేకపోతే దేనితో పోలుస్తారు?

హూడి_అమ్మ
బయటివాళ్ళు తిండి పెట్టొచ్చా? ఏమైనా అయితే?

చాక్‌పీస్
హెచ్ఎం, ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) ఇద్దరి రాతపూర్వక అనుమతి లేకుండా గింజ కూడా లోపలికి తీసుకెళ్ళకండి. బయట వండింది తేవద్దు, సరుకు ఇవ్వండి, వంట అక్కడే. 2013లో బీహార్ ఛప్రా దగ్గర పురుగుమందు కలిసిన నూనెతో 23 మంది పిల్లలు పోయారు. అందుకే నూనె ఎప్పుడూ సీలు ఉన్న ప్యాకెట్లలోనే, ఖాళీ డబ్బాల్లో పోసిచ్చేది వద్దు. పిల్లల కంటే ముందు టీచర్, ఒక తల్లో తండ్రో రుచి చూసి సంతకం పెట్టాలి. గుగ్గిళ్ళకీ అదే నియమం.

టీవీ_వర్గం_నాయకుడు
ఓడిపోయాను, ఒప్పుకోను. సెనగలకి నా ఓటు. కానీ రాత్రి నానబెట్టిన సెనగలు పొద్దున్నకి వాసన వస్తాయి మా ఇంట్లో, బెంగళూరు చలికే. అక్కడ ఎలా?

గరిటె_సూరి
మరీ ఎక్కువ గంటలు నానితే వస్తాయి. సాయంత్రం నాలుగింటికి వంటమ్మలు వెళ్తూ నానబెడితే పొద్దున్నకి పదహారు గంటలవుతుంది, నురగ కడుతుంది. రెండు దారులు. వాచ్‌మన్ ఉంటే రాత్రి పదింటికి ఆయన చేత నీళ్ళు పోయించడం. లేదా పొద్దున్నే మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి గంట ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్‌లో పెట్టడం. రెండో దానికి రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి. ఉప్పు ఉడికాకే వెయ్యండి, నిమ్మరసం పొయ్యి దించాక.